బానిస ఓడల కాలమున ఫార్కర్ దొర

మారిషస్ ద్వీపమున స్థిరపడిన తెలుగువారిని అక్కడి జనులు చాలకాలము కోరింగీలని పిలిచినారు. కాకినాడకు చేరువను, గోదావరి సముద్రములో కలిసే తావున ఒకప్పుడు గొప్ప ఓడరేవుగా వెలసిన కోరంగియే ఆ పేరునకు మూలము. ఆ రేవున కూలి ఒప్పందమునకు వ్రేలిముద్ర వేసి ఓడ ఎక్కిన తెలుగువారి కథ మన విద్యార్థులకు కొంత తెలిసినదే. అంతకు పూర్వము ఒప్పందము లేక, కూలి లేక, ధరకు అమ్ముడుపోయి అదే సముద్రము దాటినవారి కథ మాత్రము పాఠ్యపుస్తకములలో అంతగా కానరాదు. ఈ రెండు కథల నడుమ నిలిచిన ఆంగ్లోద్యోగి సర్ రాబర్ట్ టౌన్సెండ్ ఫార్కర్. మద్రాసు కుంఫిణీ కొలువులో చిన్న ఉద్యోగిగా ప్రవేశించి మారిషస్ గవర్నరు పదవికి ఎక్కినవాడు. హిందూమహాసముద్రములో బానిసవర్తకమును అణచినాడన్న కీర్తిని, తన కంటిముందే అది సాగుతూ ఉండగా ఊరకున్నాడన్న అపకీర్తిని కూడ మూటగట్టుకొని పోయినవాడు.

తెలుగు తీరమునకు బానిసవర్తకము పరాయి విషయము కాదు. 17వ శతాబ్దమున డచ్చివారు పులికాటునుండియు, మచిలీపట్నమునుండియు అద్దకపు బట్టల మూటలతోపాటు మనుష్యులను కూడ ఓడలకెక్కించి బటేవియాకు పంపినారు. వానలు లేని ఏడు వర్తకులకు పంట పండేది. గుప్పెడు గింజల కొరకు తల్లిదండ్రులు బిడ్డలను అమ్ముకొనేవారు. కొందరు తమ్ము తామే అమ్ముకొనేవారు. చెన్నపట్టణములోని ఇంగ్లీషువారు మొదట తలకు ఇంత అని సుంకము పుచ్చుకొని ఈ వర్తకమును సాగనిచ్చినారు. గోలకొండ మొగలాయీల వశమైన పిదప కొత్త పాలకుల ఒత్తిడికి లోబడి 1688లో నిషేధించినారు. ఫ్రెంచివారు 18వ శతాబ్దమున పుదుచ్చేరి, కారికాలు, యానాము తావులనుండి మారిషస్‌కు పనివారిని, బానిసలను తీసికొనిపోయినారు. ఆ ద్వీపమునకు నాడు ఐల్ ద ఫ్రాన్స్ అని పేరు. 1789లో గవర్నరు జనరలు కారన్‌వాలిసు బానిసల ఎగుమతి నేరమని ప్రకటించినాడు గాని, ఫ్రెంచి జెండా ఎగిరే రేవులో ఆ ప్రకటన చెల్లుబాటు కాదు గదా. 1806 ప్రాంతమున ఆ ద్వీపములో భారతదేశమునుండి చేరిన బానిసలే సుమారు 6,000 మంది. మడగాస్కరునుండి, తూర్పు ఆఫ్రికానుండి తెచ్చినవారి సంఖ్య దానికి ఎన్నో రెట్లు. ఇంత మంది చెమటతో నిలిచిన ద్వీపమునకు ఇంగ్లీషువాడు పాలకుడైనప్పుడు ఏమి జరిగినదన్నదే ఫార్కర్ జీవితములోని ముఖ్యవిషయము.

అతడు 1776 అక్టోబరు 14వ తేదీన జన్మించినాడు. తండ్రి సర్ వాల్టరు ఫార్కర్ లండనులో పేరుమోసిన వైద్యుడు. యువరాజునకు సైతము వైద్యము చేసినవాడు. కనుక పెద్దలతో పరిచయములకు లోటు లేదు. రాబర్ట్ వెస్ట్‌మినిస్టరు పాఠశాలలో చదువుకొని, 1795లో, పందొమ్మిదవ యేట, మద్రాసు రాజధానిలో రైటరుగా కొలువున చేరినాడు. రైటరనగా కుంఫిణీ ఉద్యోగములలో మొదటి మెట్టు. లెక్కలు వ్రాయుట, ఉత్తరములకు నకళ్లు తీయుట, సరకుల జాబితాలు సరిచూచుట ఆ ఉద్యోగపు పనులు. ఎందరో ఇంగ్లీషు యువకులు ఆ మెట్టుమీదనే చలిజ్వరము తగిలి చనిపోయినారు. ఫార్కర్ మాత్రము త్వరగానే పైకి పోయినాడు. కుంఫిణీవారు డచ్చివారినుండి గెలుచుకొన్న మొలక్కా దీవులలో, లవంగములకు జాజికాయలకు పుట్టినిల్లయిన అంబోయినాలో, అతడు 1798లో వాణిజ్య రెసిడెంటు అయినాడు. అప్పటికి అతని వయస్సు ఇరువదిరెండేండ్లు.

అదే కాలమున తెలుగుదేశములో మరొక స్కాచి వంశీకుడు పేరు తెచ్చుకొంటున్నాడు. 1800లో నిజాము కంభము, కొమరోలు ప్రాంతములతో కూడిన దత్తమండలములను కుంఫిణీకి ఇచ్చివేయగా, సర్ థామస్ మన్రో వాటికి ముఖ్య కలెక్టరుగా వచ్చినాడు. మన్రో డేరాలలో మకాము చేస్తూ పల్లె పల్లె తిరిగి రైతును, భూమిని తెలిసికొన్నాడు. ఫార్కరుకు అట్టి అవకాశము రాలేదు. వచ్చినా అతని స్వభావము అందుకు ఒప్పేది కాదేమో. అతడు దీవుల మనిషి, ఓడల మనిషి, సరకుల మనిషి. మసాలా దినుసుల తోటలలో బానిసలచేత పని చేయించే డచ్చి పద్ధతిని అతడు అక్కడనే దగ్గరగా చూచినాడు. 1801లో టెర్నేటు దీవిపై దండు పంపించి, మొదటి ప్రయత్నము విఫలముకాగా రెండవమారు పట్టుకొన్నాడు. 1804లో పినాంగు దీవికి లెఫ్టినెంటు గవర్నరుగా పోయి, 1805లో ఆ పదవి విడిచినాడు.

1807వ సంవత్సరము బ్రిటిషు చరిత్రలో గుర్తుంచుకోదగినది. క్లార్క్‌సన్, విల్బర్‌ఫోర్స్ మొదలైనవారు ఇరువది యేండ్లు పోరాడిన మీదట ఆ యేట పార్లమెంటు బానిసవర్తకమును రద్దుచేసినది. ఉన్న బానిసలకు విముక్తి రాలేదు. కొత్తవారిని కొని తేరాదు, అమ్మరాదు, అంతే. చెరకుతోటల యజమానులకు దిగులు పట్టుకొన్నది. ఇకముందు పని చేసేది ఎవరు? సరిగా ఆ సమయమున ఫార్కర్ లండనులో ఒక చిన్న పుస్తకము ప్రకటించినాడు. ఆఫ్రికా బానిసలకు బదులు చీనా దేశమునుండి కూలీలను ఒప్పందముమీద వెస్టిండీసు దీవులకు తరలించవచ్చునని అందులోని సూచన. పినాంగులో చీనా పనివారి ఓర్పును, పొదుపును చూచిన అనుభవముతో వ్రాసినది అది. ముప్పది సంవత్సరములలో చెరకుతోటల లోకమంతయు ఆ త్రోవనే పట్టినది. అయితే ఓడలెక్కినవారిలో ఎక్కువమంది చీనావారు కారు. బీహారువారు, తమిళులు, తెలుగువారు.

1809 జనవరిలో మద్రాసులో అతనికి వివాహమైనది. వధువు మేరియా ఫ్రాన్సెస్ ద లాతూర్. మద్రాసులో నివసించే ఫ్రెంచి కుటుంబపు పిల్ల. ఈ సంబంధము తరువాతి కథలో చిన్న విషయము కాదు. మరుసటి సంవత్సరము ఫ్రెంచివారి దీవులపై దండయాత్ర సిద్ధమైనది. ఆ దీవులనుండి బయలుదేరే ఫ్రెంచి ఓడలు కుంఫిణీ సరకు నౌకలను కొల్లగొట్టి విసిగించుచుండినవి. 1810 జూలైలో ఇంగ్లీషువారు బూర్బన్ దీవిని పట్టుకొన్నారు. ఆ దండులో మద్రాసు సిపాయిలు కూడ ఉన్నారు. ఫార్కర్ ఆ దీవికి గవర్నరైనాడు. ఆగస్టులో గ్రాండ్ పోర్టు వద్ద ఇంగ్లీషు నౌకాదళము ఘోరముగా ఓడిపోయినా, నవంబరు చివర పెద్దదండు మారిషస్ ఉత్తరతీరమున దిగినది. డిసెంబరు 3వ తేదీన ఫ్రెంచి గవర్నరు దెకాన్ లొంగిపోయినాడు. మరునాడే ఫార్కర్ గవర్నరు పీఠమెక్కినాడు. ముప్పది నాలుగేండ్ల వయస్సు; భార్య ఫ్రెంచి వనిత; చేతిలో ఉన్నది ఫ్రెంచి మాటాడే తెల్లవారి ద్వీపము. ఆ తెల్లవారు కొద్దివేల మంది. బానిసలు అరవైవేలకు పైబడి ఉన్నారు.

లొంగుబాటు షరతులలో ఒకటి ద్వీపవాసుల మతమును, చట్టములను, ఆచారములను మన్నించవలెనన్నది. గవర్నరు చేసిన మొదటి పెద్ద తప్పు ఈ షరతునుండే పుట్టినది. 1811 ఆరంభమున అతడు లండనులోని మంత్రి లివర్‌పూల్ ప్రభువునకు లేఖ వ్రాసినాడు. బానిసల కొనుగోలు ఈ ద్వీపవాసుల ఆచారములలో చేరినదే గదా, వారి వ్యవసాయమునకు మనుష్యులు లేకపోతే ద్వీపము నాశనమగును గదా, కనుక బానిసవర్తకమును ఇక్కడ సాగనిచ్చుట సాధ్యమా అని అతని విచారణ. నాలుగేండ్ల క్రిందట బానిసలకు బదులు ఏమిటని పుస్తకము వ్రాసిన చేతితోనే ఈ లేఖ వ్రాసినాడు. మంత్రి ఏ సందిగ్ధమునకు తావులేని జవాబు పంపినాడు. పార్లమెంటు రద్దుచేసిన దానిని లొంగుబాటు కాగితము బ్రతికించజాలదని దాని సారాంశము. ఆ సంవత్సరమే పార్లమెంటు చట్టమును మరింత బిగించి, బానిసవర్తకమును ద్వీపాంతరవాసశిక్షకు తగిన ఘోరనేరముగా చేసినది. ఫార్కర్ ఆజ్ఞను శిరసావహించి ప్రకటనలు వెలువరించినాడు. కాని గవర్నరు మనస్సులోని మాట తోటల యజమానులకు అప్పటికే తెలిసిపోయినది.

అటుపిమ్మట జరిగిన దొంగవర్తకపు తీరు తెలిసికొనదగినది. ద్వీపము చుట్టును పగడపు దిబ్బలు. దిబ్బలకు ఈవల నిలకడ నీరు. చిన్న పడవలు చొరగల సందులు లెక్కలేనన్ని. మడగాస్కరునుండి గాని ఆఫ్రికా తూర్పుతీరమునుండి గాని వచ్చిన ఓడ చీకటిపడువరకు దూరముగా తచ్చాడేది. ఒడ్డున మంటవేసి గుర్తు చూపగానే మనుష్యులను పడవలలో దింపేవారు. తెల్లవారేసరికి వారు ఏదో ఒక తోటలో పాతబానిసలలో కలిసిపోయేవారు. అడిగే అధికారికి చూపుటకు చచ్చిపోయిన బానిసల పేర్లు సిద్ధముగా ఉండేవి. కొత్తవానికి చచ్చినవాని పేరు పెట్టితే జాబితాలో సంఖ్య సరిపోయేది. బానిసల పేర్లను ప్రభుత్వపుస్తకములలో నమోదుచేయవలెనన్న నిబంధన 1814 తరువాత వచ్చినది గాని, ఆ పుస్తకములు వ్రాసేవారు, సాక్ష్యము చెప్పేవారు, తీర్పు చెప్పేవారు అందరును ఆ తోటల యజమానుల బంధువులో, విందులలో కలిసి కూర్చునేవారో అయి ఉండేవారు. మరొక దారి సీషెల్స్ దీవులు. అవి మారిషస్ ఏలుబడిలోనివే. అక్కడ దింపిన వారిని పాత బానిసలని వ్రాయించి, ఒక దీవినుండి మరొక దీవికి మార్చినట్లు కాగితము పుట్టించి తెచ్చేవారు. 1815లో సంధిననుసరించి బూర్బన్ దీవిని ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చివేయగా దొంగలకు ఇంకను వెసులుబాటు కలిగినది. సుమారు 140 మైళ్ల దూరమున పరరాజ్యపు బజారు వెలిసినది.

నౌకాదళము కొన్ని ఓడలను పట్టుకొన్నమాట నిజము. పట్టుబడిన ఓడలలోని బానిసలకు చట్టము స్వేచ్ఛ నిచ్చినది. కాని వారిని తిరిగి స్వదేశమునకు చేర్చలేదు. పదునాలుగేండ్ల పాటు ఎవరో ఒక యజమాని వద్ద పనినేర్చుకొనే మిషతో ఉంచినారు. సముద్రముపై విడుదలైనవాడు ఒడ్డున మరల గొడ్డలి పట్టి అదే పొలమున నిలిచినాడన్న మాట. ఇది ఫార్కర్ సొంతముగా కల్పించిన పద్ధతి కాదు. సామ్రాజ్యమంతట ఉన్న ఏర్పాటే. ఇదిగాక, 1815 మొదలు అతడు భారతదేశమునుండి ద్వీపాంతరశిక్ష పడిన ఖైదీలను తెప్పించి రోడ్లు వేయించినాడు. 1837 వరకు అట్లు వచ్చినవారు సుమారు 1,500 మంది. మారిషస్ రోడ్లమీద నడిచేవాడు నేటికిని కొన్నిచోట్ల వారు చదునుచేసిన నేలమీదనే నడుచుచున్నాడు.

ద్వీపవాసులకు ఫార్కర్ ప్రియమైన గవర్నరు. వారి భాష మాటాడినాడు, వారి చట్టములను ఉంచినాడు. 1816 సెప్టెంబరులో పోర్టు లూయీ నగరములో పెద్ద అగ్నిప్రమాదము సంభవించి పట్టణపు నడిబొడ్డు బూడిదైపోగా, ఊరిని తిరిగి నిలబెట్టుటకు శ్రమించినాడు. విద్యాలయమునకు రాయల్ కాలేజీ అన్న గౌరవము ఇతని కాలములోనిదే. తుపానులు కాఫీతోటలను, మసాలా తోటలను కూలద్రోసినా చెరకు తట్టుకొని నిలిచేదని గ్రహించి, చెరకును ప్రోత్సహించినాడు. మంచి పాలకునికి ఉండదగిన గుణములే ఇవన్నియు. కాని చెరకు పెరిగినకొలది మనుష్యుల ఆకలియు పెరిగినది. గవర్నరు ఆంతరంగిక కార్యదర్శి చార్లెస్ టెల్ఫేర్ బెల్ ఒంబ్రె అనే చెరకుతోటకు భాగస్వామి అయినాడు. ఆ తోటలో గవర్నరునకు కూడ వాటా ఉండినది. బానిసవర్తకమును పట్టుకొనవలసినవాడు బానిసల చేత పండే తోటలో భాగస్తుడు కావడము ఎట్టి కాలపు ధర్మశాస్త్రమునకును ఒప్పదు.

ఇట్టి మనిషి మడగాస్కరు విషయమున చేసిన పని చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. దొంగఓడలను ఒడ్డున పట్టుకొనలేనప్పుడు అవి బయలుదేరే చోటనే సరకు దొరకకుండ చేయవలెనని అతని ఆలోచన. మడగాస్కరు పెద్దద్వీపము, ఎందరో చిన్న ప్రభువులు. వారిలో నడిమి పీఠభూమి ఇమెరీనాకు రాజు రాడమ. 1810లో యౌవనమునందే సింహాసనమెక్కి, ద్వీపమంతయు ఏలవలెనన్న కోరికగలవాడు. యుద్ధములలో పట్టుబడినవారిని తీరమునకు తోలి, అమ్మి, తుపాకులు, వెండి సంపాదించుట అతని రాజ్యమునకు ముఖ్యమైన రాబడి. ఆ రాబడిని విడిచిపెట్టుమని అడుగుటకు బదులు ఏమివ్వవలెనో ఫార్కర్ లెక్క వేసినాడు. వర్తకపుకొలువులో నేర్చిన లెక్క ఇక్కడ ఉపయోగించినది. 1816లో రాడమ తమ్ములిద్దరిని మారిషస్‌కు రప్పించి చదువు చెప్పించినాడు. ఆ సంవత్సరమే కెప్టెన్ లసాజ్ అనే దూత జ్వరములతో తన వారిలో పలువురిని పోగొట్టుకొని కొండలెక్కి రాజధానిని చేరి, అక్కడి ఆచారము ప్రకారము రాజుతో రక్తబంధుత్వపు ప్రమాణము చేసికొన్నాడు.

తరువాత పోయినవాడు జేమ్స్ హేస్టీ. ఐర్లండువాడు, భారతదేశములో సైన్యమున సార్జెంటుగా పనిచేసినవాడు, గొప్ప వంశము లేదు, పెద్ద చదువు లేదు. రాజకుమారులకు గురువుగా ఉండి, వారిని ఇంటికి చేర్చే నెపమున 1817లో గుర్రములను, గడియారమును కానుకలుగా తీసికొని బయలుదేరినాడు. ఆ కొండరాజు గుర్రపుస్వారి నేర్చుకొని మురిసిపోయినాడు. రాజును ఎట్లు ఒప్పించవలెనో హేస్టీకి బాగా తెలిసినది. 1817 అక్టోబరు 23న టమటావు రేవులో ఒడంబడిక కుదిరినది. రాడమ తన ఏలుబడిలోనుండి బానిసల ఎగుమతిని మాన్పించవలెను. బదులుగా ఇంగ్లీషువారు ఏటేట 1,000 బంగారు డాలర్లు, 1,000 వెండి డాలర్లు, తుపాకులు, మందు, సిపాయిల దుస్తులు ఇయ్యవలెను. అంతకంటె విలువైనది మరొకటి ఉండినది. ఒడంబడికలో ఇంగ్లీషువారు అతనిని మడగాస్కరు రాజని సంబోధించినారు. రాడమ మాట నిలుపుకొన్నాడు. తీరమునకు బానిసలను తోలే బాటలు మూతపడినవి.

మాట తప్పినవారు ఇంగ్లీషువారే. ఆ నవంబరులో ఫార్కర్ సెలవుమీద స్వదేశమునకు వెళ్లగా, తాత్కాలిక గవర్నరుగా వచ్చిన జనరల్ హాల్ ఒడంబడిక సొమ్ము చెల్లింపక ఆపివేసినాడు. రాడమ తన ప్రజలముందు వెర్రివాడైనాడు. ఇంగ్లీషువారి పేరు ఆ ద్వీపములో అబద్ధమునకు పర్యాయపదమైనది. బానిసబాటలు తిరిగి తెరచుకొన్నవి. విచిత్రమేమనగా ఈ హాల్ బానిసవర్తకమునకు మిత్రుడు కాడు. మారిషస్ ఒడ్డున దొంగవర్తకులను అతడు పట్టినంత గట్టిగా ఫార్కర్ ఎన్నడును పట్టలేదు. ద్వీపములోని పెద్దవారిని, ఉద్యోగులను లెక్కచేయక విచారణలు జరిపి, అందరితో విరోధము తెచ్చుకొని, కొద్దికాలములోనే పదవి పోగొట్టుకొన్నాడు. సముద్రమునకు ఆవల మూలమును ఎరిగినవాడు ఈవలి ఒడ్డున కన్ను మూసికొన్నాడు. ఈవలి ఒడ్డున కన్ను తెరచినవాడు ఆవలి మూలమును తెగగొట్టినాడు. ఇద్దరి బుద్ధియు ఒకే గవర్నరునందు ఉండి ఉంటే ఎన్ని వేల ప్రాణములు నిలిచేవో.

ఫార్కర్ లండనులో ఉండి మంత్రులను ఒప్పించి, ఒడంబడికను పునరుద్ధరించే అనుమతితో 1820 జూలైలో తిరిగి వచ్చినాడు. హేస్టీ మరల కొండలెక్కినాడు. ఈమారు పని సులభము కాలేదు. కబారీ అనబడే మహాసభలో ప్రజలు, పెద్దలు గట్టిగా ఎదురు తిరిగినారు. ఒకసారి నమ్మి మోసపోయినవారిని రెండవసారి నమ్ముమని చెప్పుటకు నోరు ఎట్లు వచ్చునో హేస్టీకే తెలియవలెను. చివరకు రాడమ ఒక కొత్త షరతు పెట్టినాడు. తన దేశపు యువకులు ఇరువదిమందికి ఇంగ్లీషువారు విద్యలు, వృత్తులు నేర్పవలెను. పదిమంది మారిషస్‌కు, పదిమంది ఇంగ్లండుకు పోవలెను. బానిసలను అమ్మి తుపాకులు కొన్న రాజు, ఇప్పుడు బానిసల అమ్మకము మాని చదువు కోరినాడు. హేస్టీ తన బాధ్యతమీద ఒప్పుకొన్నాడు. 1820 అక్టోబరు 11న సంధి తిరిగి కుదిరినది. హేస్టీ అక్కడనే ఉండిపోయి, రాజుతోపాటు దండయాత్రలలో తిరిగి, 1826లో రాజధానిలోనే కన్నుమూసినాడు. ఇంత జరిగినా, మడగాస్కరులో లోపలి బానిసత్వము పోలేదని మరువరాదు. ఎగుమతి ఆగినదే గాని, రాజు యుద్ధములలో పట్టుబడినవారు రాజ్యములోని పొలములలోనే బానిసలైనారు. ఆ వ్యవస్థ 1896 వరకు నిలిచినది.

మడగాస్కరు మూతపడగా వర్తకులు ఆఫ్రికా తీరమువైపు, జాంజిబారువైపు తిరిగినారు. ఆ తీరమునకు ప్రభువు మస్కటు సుల్తాను సయ్యిద్ సయీదు. ఫార్కర్ ప్రోద్బలముతో కెప్టెన్ మోర్స్‌బీ 1822 సెప్టెంబరులో ఆ సుల్తానుతో మరొక ఒడంబడిక చేసినాడు. క్రైస్తవరాజ్యముల ప్రజలకు బానిసలను అమ్మరాదని, డెల్గాడో అగ్రమునుండి గుజరాతులోని డయ్యూ వరకు సముద్రమున ఒక గీత గీసి, ఆ గీత దాటి బానిసలతో కనపడిన ఓడను ఇంగ్లీషు యుద్ధనౌకలు పట్టుకొనవచ్చునని షరతు. అరబ్బుదేశములకు పోయే వర్తకమును ఆ గీత తాకలేదు. యాబదియేండ్ల తరువాత 1873లో జాంజిబారు బజారు మూతపడేదాక ఆ నీటిపై బానిస ఓడలు తిరుగుతూనే ఉన్నవి. అయినను హిందూమహాసముద్రములో బానిసవర్తకమునకు కాగితముమీద గీచిన మొదటి ఎల్ల అదే. ఆ వెనుక వచ్చిన ఒడంబడికలన్నియు దానిని ముందుకు జరుపుతూ పోయినవే.

1821లో ఫార్కరుకు బారొనెట్ బిరుదు వచ్చినది. 1823లో ద్వీపమును విడిచి ఇంగ్లండు చేరినాడు. 1825లో పార్లమెంటు సభ్యుడైనాడు. సుఖముగా కడతేరవలసిన జీవితమే. కాని 1826 మే నెలలో కామన్సు సభలో ఫౌవెల్ బక్స్‌టన్ లేచినాడు. విల్బర్‌ఫోర్స్ వృద్ధుడై తప్పుకొనగా బానిసత్వ నిర్మూలనోద్యమమునకు నాయకత్వము వహించినవాడు బక్స్‌టన్. మారిషస్‌లో పోలీసు అధికారిగా పనిచేసిన బయామ్, పూర్వపు తాత్కాలిక గవర్నరు హాల్ ఇద్దరును తెచ్చిన సమాచారమును ఆధారము చేసికొని, ద్వీపమున ఇంగ్లీషు ఏలుబడి వచ్చినది మొదలు బానిసల దిగుమతి బహిరంగరహస్యముగా సాగినదని, ఆ గవర్నరు దానిని చూచియు చూడనట్లుండెనని అతడు ఆరోపించినాడు. ఆరోపణకు గురియైనవాడు అదే సభలో బల్లపై కూర్చుండి ఉన్నాడు.

సభ విచారణసంఘమును నియమించినది. సాక్షులు వచ్చినారు, నావికులు, సైనికులు, ఉద్యోగులు తాము చూచినది చెప్పినారు. అంతలో పార్లమెంటు రద్దై ఎన్నికలు వచ్చి, సంఘము తీర్పు చెప్పకుండానే ముగిసినది. మరుసటి సంవత్సరము బక్స్‌టన్ రాత్రింబవళ్లు సాక్ష్యములు చదివి, ప్రసంగమునకు సిద్ధమై, ఆ శ్రమకు తాళలేక జబ్బుపడినాడు. ఫార్కర్ తాను నిర్దోషినని చివరిదాక చెప్పుకొన్నాడు. ఒడంబడికలు చేసినవాడను నేనే గదా అన్నది అతని వాదములోని బలము; అది కాదనరానిది. ఈలోగా ప్రభుత్వము పంపిన రాజవిచారణాధికారులు మారిషస్ చేరి పుస్తకములు తిరుగవేసినారు. బానిసల దిగుమతి పెద్దయెత్తున జరిగినమాట వాస్తవమని తేల్చినారు. 1829లో వలసశాఖామంత్రియు అంగీకరింపక తప్పలేదు. కాని అప్పటికి చాల సంవత్సరములు గడచినవి. ఎవరిని శిక్షించుటకును పూనుకొనలేదు. ఏ తోటలో ఏ మనిషి దొంగతనముగా తెచ్చినవాడో నిరూపించుట కష్టమన్నారు. వారందరును బానిసలుగానే మిగిలిపోయినారు.

1830 మార్చి 16న ఫార్కర్ లండనులో మరణించినాడు. వయస్సు యాబదిమూడు. అతని కార్యదర్శి టెల్ఫేర్ ఆ యేడే పోర్టు లూయీలో ఒక పుస్తకము అచ్చువేసి, తన తోటలో బానిసలను ఎంత దయతో చూచుచున్నదియు వర్ణించినాడు. మడగాస్కరులో రాడమ 1828లోనే చనిపోగా, తరువాత రాణియైన రనవలోన ఇంగ్లీషువారి కానుకలను నిరాకరించి ఒడంబడికను ప్రక్కకు నెట్టివేసినది.

1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వము రద్దైనది. పరిహారముగా పార్లమెంటు ఇచ్చిన 2 కోట్ల పౌనులలో మారిషస్ యజమానుల వంతుకు 20 లక్షలు దాటినది. దొంగతనముగా తెచ్చిన బానిసకును పరిహారము వచ్చినది. బానిసకు మాత్రము చిల్లిగవ్వ రాలేదు. ఆ సొమ్ముతో యజమానులు కొత్త యంత్రములు, కొత్త పనివారిని తెప్పించుకొన్నారు. 1834 నవంబరు 2న కలకత్తానుండి 36 మంది కూలీలతో అట్లాసు అనే ఓడ వచ్చి పోర్టు లూయీలో లంగరు వేసినది. కొద్దికాలమునకే మద్రాసునుండి, కోరంగినుండి ఓడలు బయలుదేరినవి. 1807లో ఫార్కర్ చీనావారిని ఉద్దేశించి వ్రాసినది ఇప్పుడు తెలుగు, తమిళ, బీహారు పల్లెలకు వర్తించినది. మాయమాటలు చెప్పి ఎత్తుకొనిపోవుచున్నారని, పాత బానిసవర్తకమే కొత్త చొక్కా తొడిగినదని గగ్గోలు పుట్టగా, 1839లో ప్రభుత్వము ఆ వలసను నిలిపివేసి, 1842 చట్టముతో మరల అనుమతించినది. ఈసారి రేవులో ఒక అధికారిని నియమించినారు. ఓడ ఎక్కే ప్రతి మనిషిని ముందు నిలబెట్టి, ఇష్టపూర్వకముగా పోవుచున్నావా అని అడిగి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఊరు, ఒంటిమీది మచ్చలు పుస్తకములో వ్రాయించుట అతని పని. దాదాపు నాలుగున్నర లక్షల మంది అట్లు మారిషస్ చేరినారు. ఆ పుస్తకములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి. ముత్తాతల ఊరు ఏదో వెదకికొనే తెలుగువారు వాటిని తెరచి చూచుకొనుచుందురు. అంతకు ముందు యానాము మీదుగా పోయిన బానిసలకు అట్టి పుస్తకము లేదు. జాబితాలలో వారికి ఉన్నది యజమాని పెట్టిన ఒక ఫ్రెంచి పేరు, ఇండియా అన్న మాట.